మా తెరచాప పడవకి దారి చూపే చార్ట్‌ప్లాటర్ తెర మీద కుడి మూలన కొలువుదీరి, ఎన్నింటికి చేరతామో చెప్పే ఈటీఏ గారికి

మహారాజశ్రీ ఈటీఏ గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. మేము పడవలు నిలిపే మెరీనా గేటు బయట, నీళ్ల మీద తేలే బోయాకి పడవ కట్టుకుని, లోపల మా పడవ నిలిపే బెర్తును కళ్లారా చూసుకుంటూ క్షేమంగానే ఉన్నాం. మూడు ఎర్ర దీపాలు ఒకదాని కింద ఒకటి వెలుగుతున్నాయి, లోపలికి రావద్దని. నీళ్లు తగ్గాయి కాబట్టి, లోపలి నీళ్లు బయటికి పోకుండా గేటు అడుగున ఉన్న గడప పైకి లేచింది. మళ్లీ పోటు ఎక్కి అది కిందికి దిగేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుందట. ఈలోగా చేసే పనేమీ లేదు, తమరికి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

మధ్యాహ్నం 12 గంటలకి తమరు సెలవిచ్చింది సాయంత్రం 4:00. నాలుగు ప్రాంతంలో అని కాదు, పక్కన రెండు సున్నాలు పెట్టి మరీ 4:00. మిగిలిన దూరం 24 సముద్రపు మైళ్లు, వేగం 6 నాట్స్, అంటే గంటకి ఆరు మైళ్లు, భాగిస్తే నాలుగు గంటలు. లెక్క తప్పనడం లేదు. ఆ భాగహారం మా చిన్నోడు కూడా చేస్తాడు. కాకపోతే వాడు చేసిన భాగహారం చూసి నేను అత్తయ్యకీ మామయ్యకీ ఫోన్ చేసి కారు తీసుకురమ్మని చెప్పను.

అరగంట తర్వాత వెనక నుంచి ఒక అల వచ్చి పడవను ఎత్తింది. వేగం 8 నాట్స్ చూపించింది. తమరు వెంటనే 3:08 అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అల మమ్మల్ని దింపేసి తన దారిన తను పోయింది, తమరు 5:10 అన్నారు. ఒక్క అల మీదే మా సాయంత్రం రెండు గంటలు అటూ ఇటూ ఊగితే ఎలాగండీ? ఇరవై మైళ్లకు పైగా ఆ అల మాతోనే వస్తుందని తమరికి ఎవరు చెప్పారు?

మా ఆయన పొద్దున్నే కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నారు. రెండింటికి ప్రవాహం మాకు ఎదురు తిరుగుతుంది, ముందున్న భూమి కొన దగ్గర అది మరీ జోరుగా ఉంటుంది, ఆలోపు దాటేయాలి. ఒంటిగంటకి గాలి కాస్త మెత్తబడగానే ఇంజిన్ వేద్దామన్నారు. తెర మీద తమరు 4:36 అని నిబ్బరంగా వెలుగుతున్నారు. గేటు 7:30 దాకా తెరిచే ఉంటుంది. డీజిల్ వాసన తగిలితే మా పెద్దదానికి వాంతులు. ‘నాలుగున్నరకే చేరతామంటోందిగా నాన్నా, ఇంజిన్ ఎందుకు?’ అంది. కాగితం మడతపడింది, తమరు నెగ్గారు.

రెండింటికి ప్రవాహం తిరిగింది. చెప్పిన టైముకే. సముద్రం ఇచ్చిన మాట తప్పలేదు, గమనించగలరు. దాంతోపాటు గాలి కూడా తిరిగి సరిగ్గా ముక్కు మీదికొచ్చింది. ఇక ట్యాకింగే, అంటే ఎదురుగాలికి ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఏటవాలుగా పోవడం. నీళ్ల మీద 5 నాట్స్ వేగంతో దూసుకుపోతున్నట్టే ఉంటుంది, తెరచాపలు బిగుసుకుని పడవ ఒక పక్కకి ఒరిగి తుంపరలు కొడుతూ మహా జోరుగా ఉంటుంది. కానీ గాలికి 45 డిగ్రీలు అటూ ఇటూ పోతున్నాం కాబట్టి ఇంటి వైపు జరిగేది మూడున్నర. అందులో రెండు నాట్స్ ప్రవాహం తినేస్తుంది. మిగిలింది ఒకటిన్నర. అంతకంటే వేగంగా ఒడ్డున ముసలాయన కుక్కను నడిపించుకుంటూ పోయాడు, నా కళ్లతో చూశాను.

అప్పుడు కదా తమరి అసలు స్వరూపం బయటపడింది. ఎడమ ట్యాక్‌లో రాత్రి 10:40. కుడి ట్యాక్‌లో మూడు అడ్డగీతలు. మళ్లీ ఎడమకి తిరిగితే 10:15, కుడికి తిరిగితే అడ్డగీతలు. ఒకసారైతే టైముతో పాటు తేదీ కూడా చూపించారు, వచ్చే గురువారం. మా పెద్దది తెల్లమొహం వేసి, ‘అమ్మా, నాకు బుధవారం పరీక్ష ఉంది’ అంది.

మిగతా వాళ్ల సంగతి తర్వాత చూసుకుంటాను. పడవ నిజంగా ఊగడం మొదలవగానే బీప్ కొట్టి చేతులెత్తేసే ఆటోపైలట్ ఉంది. గోడ వెనక లంగరేసుకున్న పడవలను చూసి ఢీకొట్టేస్తాయంటూ అరిచే ఏఐఎస్ అలారం ఉంది, చుట్టుపక్కల పడవలను రేడియోలో పసిగట్టేది. టాయ్‌లెట్ పంపు గురించి ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. వీళ్లెవరూ నాకు మాట ఇవ్వలేదు. మాట ఇచ్చింది తమరొక్కరే.

నాకు మండుతున్నది ఆలస్యానికి కాదు. తెరచాప పడవలో ఆలస్యం ఎవరికి కొత్త? తెలిసి ఉండి కూడా చెప్పలేదే, అందుకు. మీరున్న ఆ పెట్టెలోనే పోటుపాట్ల పట్టిక ఉంది. చార్టు మీద చిన్న గుర్తు నొక్కితే ఎన్నింటికి ప్రవాహం ఎటు తిరుగుతుందో బాణం గీసి చూపిస్తుంది. స్తంభం పైనున్న గాలి మీటరు, అడుగున ఉన్న వేగం మీటరు అదే తీగ మీద మీకు కబుర్లు పంపుతూనే ఉన్నాయి. అందరూ ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోటికోడళ్లలా కాపురం చేస్తున్నారు. మీరు ఎవరినీ అడగరు. ఈ క్షణం వేగం ఎంత? దూరం ఎంత? భాగించు, చూపించు. పది నిమిషాల్లో ప్రవాహం తిరుగుతుందన్నప్పుడు కూడా మీది అదే ధీమా.

1872లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయనే, చక్రాలూ కప్పీలతో పోటుపాట్లను ముందే లెక్కగట్టే యంత్రానికి రూపం ఇచ్చాడు. కరెంటు లేదు, చిప్పు లేదు. పిడి తిప్పితే రాబోయే రోజుల పోటుపాట్లను కాగితం మీద గీసేది. నూట యాభై ఏళ్లు దాటాయి. మీ దగ్గర చేతికి తగిలితే మెరిసే రంగుల తెర ఉంది. రెండు గంటల తర్వాత సముద్రం ఎటు పోతుందో ఆలోచించడం మాత్రం మీ డ్యూటీ కాదు!

పోనీ, తెలియనప్పుడు తెలియదనొచ్చు కదా! ‘నాలుగుకీ తొమ్మిదికీ మధ్య’ అంటే ఎవరికి కోపం వస్తుంది? వాతావరణం వాళ్లు గాలి బలం ‘4 నుంచి 5, అప్పుడప్పుడు 6’ అంటారు, మనం సర్దుకుంటాం. మీకు మాత్రం నిమిషాలతో సహా కావాలి. మీ పక్క గడిలో ఉన్న అక్షాంశ రేఖాంశాలను చూసి నేర్చుకోండి. 20 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సంకేతాలతో మనం ఎక్కడున్నామో కొన్ని మీటర్ల తేడాతో చెబుతాయి. గొప్పలు పోవు. మీరూ అవే ఉపగ్రహాల ఉప్పు తింటున్నారు.

వెళ్లేటప్పుడు బాగానే ఉన్నారు, అది ఒప్పుకుంటాను. వెనక గాలి, వెనక ప్రవాహం, చెప్పిన నిమిషానికి కాస్త అటూ ఇటూగా చేర్చారు. ఆ రాత్రి అందరూ నిద్రపోయాక డెక్ మీద నాకు తోడున్నది ఆ చిన్న అంకె ఒక్కటే. ఇంకో మూడు గంటలు, ఇంకో రెండు అంటూ నడిపించారు. ఇంట్లో అందరూ మీ భక్తులైపోయింది అప్పుడే.

సాయంత్రం గాలి పడిపోయాక ఇంజిన్ మీద ఈడ్చుకుంటూ గేటు దగ్గరికొచ్చేసరికి 8:10. అత్తయ్యా మామయ్యా నాలుగింటి నుంచి కారులో కూర్చుని, మా దీపం కనబడ్డాక చెయ్యి ఊపి ఇంటికెళ్లిపోయారు. మా ఆయన ఒక్క మాట అనలేదు. మడతపెట్టిన కాగితం విప్పి టేబుల్ మీద పెట్టారంతే.

సరిగ్గా అప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా? అవును, నిన్నే. బోయాకి తాడు వేస్తుంటే గంట కొట్టినట్టు మోగావు. ‘గమ్యం చేరుకున్నారు.’ గమ్యం చుట్టూ నువ్వు గీసుకున్న గుండ్రంలోకి వచ్చేశామట. మధ్యలో మూసేసిన గేటుందని నీకెందుకు? నిద్రలో ఉన్న చిన్నోడు ఆ మోత విని లేచి, బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని మెట్లెక్కి వచ్చాడు. వాడికి సంగతి ఎవరు చెప్పాలి? నువ్వు చెబుతావా? మళ్లీ బూట్లు విప్పించి పడుకోబెట్టేసరికి నా ప్రాణం పోయింది. సిగ్గుండాలి.

సెట్టింగుల్లో వెతికితే ఆ గడిలో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చని తెలిసింది. ఇప్పుడక్కడ నీటి లోతు పెట్టాను. 3.2 మీటర్లు అంటోంది. తాడుకి బరువు కట్టి దింపి చూశాను. 3.2 మీటర్లే.

ఇట్లు,
గేటు బయట నుంచి