మా కుబేరుడే పెద్ద దాత!

విజయవాడ గాంధీనగర్ టీ బడ్డీల దగ్గర సినిమా హీరోల అభిమానులు కొట్టుకోవడం తగ్గింది. ఇప్పుడు కొట్టుకునేది కుబేరుల అభిమానులు. బిల్ గేట్స్ గొప్ప దాతా, ఇలాన్ మస్క్ గొప్ప దాతా అన్నది తేలేదాకా కుర్రాళ్లు ఇళ్లకు వెళ్లేట్టు లేరు. రెండు వర్గాలకీ టీ బాకీ ఉంది. ఆ సంగతి మాత్రం బడ్డీ ఆయన ఒక్కడే ఎత్తుతున్నాడు.

గేట్స్ వర్గానికి అంకెల బలం. 2045 కల్లా 200 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టి ఫౌండేషన్ మూసేస్తానని 2025లో ఆయన ప్రకటించాడు. పైగా 1997లో మన చంద్రబాబును కలిశాడు, హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ పెట్టాడు, కాబట్టి వరసకు మేనమామ. 1998లో అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్యం కేసు వేసింది ఈ మేనమామ కంపెనీ మీదే. అదెవరికి గుర్తు?

మస్క్ వర్గానిది సవాళ్ల బలం. 6 బిలియన్లతో ప్రపంచం ఆకలి ఎలా తీరుతుందో లెక్క చూపిస్తే అప్పటికప్పుడే టెస్లా షేర్లు అమ్మేస్తానని 2021లో ఆయన గర్జించాడు. ఐక్యరాజ్యసమితి వాళ్ల ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్క చూపించింది. ఆ ఏడాది నవంబరులో దాదాపు 5.7 బిలియన్ల షేర్లు దానమూ చేశాడు. ఎవరికి? తన పేరున్న ఫౌండేషన్‌కి! కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. ఇక్కడ పుచ్చుకున్నదే ఎడమచెయ్యి.

జుకర్‌బర్గ్ అభిమాని ఒకడున్నాడు, పాపం. వాడి మాట ఎవరూ వినరు.

రేపోమాపో బెంజ్ సర్కిల్‌లో కటౌట్లు లేస్తాయి. ఒకరికి ‘మలేరియా సంహార’ బిరుదు, ఒకరికి ‘అంగారక చక్రవర్తి’. తొలివారం దానాల గ్రాస్ ఎంత, పన్ను మినహాయింపు పోను నెట్ ఎంత అని పోస్టర్లు పడతాయి. ఫ్లెక్సీలో పైన మంత్రిగారు, మధ్యలో నిలువెత్తున దాన్ని కట్టించిన చోటా నాయకుడు, కింద మూల పాస్‌పోర్ట్ సైజులో గేట్స్. కటౌట్ నెత్తిన బిందెలతో పాలు.

ఆ పాల దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సింగ్ నగర్ జనం పాల ప్యాకెట్ కోసం డాబాలెక్కి చేతులు చాపారు. నడుంలోతు నీళ్లలో నెత్తిన మూటలు పెట్టుకుని అన్నం తెచ్చిన కుర్రాళ్లలో ఒక్కడి పేరు చెప్పండ్రా, చూద్దాం! పేదదేశాలకు మందులూ తిండీ పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్‌ను శని, ఆదివారాలు కూర్చుని చెక్కపొట్టు చేసే మిషన్లో వేశామని 2025 ఫిబ్రవరిలో మస్క్ గొప్పగా రాసుకున్నాడు. దానికీ ఈలలేనా? పసిపిల్లల నోటికాడ కూడు లాగడం కూడా మాసేనా? సిగ్గుండక్కర్లేదా?

ఇదే గట్టిగా అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు జాలిగా చూసి, “అది కాదు బాబాయ్, ఆయన రాకెట్ వెనక్కొచ్చి నిటారుగా దిగుద్ది. చూశావా ఎప్పుడన్నా?” అన్నాడు.

చూశాను నాయనా. సింగ్ నగర్లో మాత్రం దిగలేదు.