లారీకి ఏ పాపమూ తెలియదు

వరంగల్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి గేటు పక్కన ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. ఏ ఆసుపత్రి అని అడక్కండి. చెబితే రేపు పొద్దున్నే ఫ్లెక్సీ తీసేస్తారు, మిగతావన్నీ అలాగే ఉంచుతారు. దాని మీద పట్టుచీర కట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతున్న గర్భిణి బొమ్మ ఉంది. పక్కన సూచనలు: ఆకుకూరలు తినాలి, ఐరన్ మాత్రలు మానకూడదు, బరువులు ఎత్తకూడదు. ఆ తర్వాతది చూసి నేను అక్కడే ఆగిపోయాను. "స్వచ్ఛమైన గాలి పీల్చాలి."

ఫ్లెక్సీ కింద డీజిల్ జనరేటర్ ఉంది. కరెంటు పోగానే అది నాలుగుసార్లు దగ్గి లేస్తుంది. దాని పొగ గొట్టం సరిగ్గా ఈ సూచన ఎత్తులోనే ఉండటం వల్ల "స్వచ్ఛమైన" అన్నది మసిబారి కనబడకుండా పోయింది. ఇప్పుడక్కడ "గాలి పీల్చాలి" అని మాత్రమే ఉంది. ఇది పాటించదగిన సూచనే. పాటించకపోతే బతకం.

సూచన రాసినవారి మీద నాకు గౌరవమే. ఐరన్ మాత్ర మెడికల్ షాపులో దొరుకుతుంది, తోటకూర కట్ట మార్కెట్లో దొరుకుతుంది. ఈ గాలి ఏ కొట్లో అమ్ముతారో అడ్రసు కూడా రాసి ఉంటే బాగుండేది. హన్మకొండ చౌరస్తాలో నిలబడి అడిగితే హారన్ తప్ప జవాబు రాదు. ములుగు రోడ్డులో ఇసుక లారీ వెనక అడిగితే గాలితోపాటు ఇసుక కూడా ఉచితం. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే గర్భిణి సంగతి తర్వాత, తీసుకెళ్లిన మొగుడే తుమ్మలేక చస్తాడు. మడికొండ దిక్కు పోదామంటే డంపింగ్ యార్డు. భద్రకాళి బండ్ మీద తెల్లవారుజామున కాస్త దొరుకుతుందని వాకింగ్ చేసేవాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ వేళకు వాకింగ్ షూస్ వేసుకునేవాళ్లు వేరు, చీపురు పట్టుకునేవాళ్లు వేరు. వాళ్ల దగ్గరికే వస్తున్నాను.

ఆ గేటుకు కొంచెం దూరంలో, వార్డు వరండాలో ఒక పంచాయితీ నడిచింది. తెలిసినవాళ్ల అమ్మాయి కాన్పు అంటే చూడటానికి వెళ్లి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా వినే భాగ్యం పొందాను. ఆడపిల్ల పుట్టింది. కిలో తొమ్మిది వందలు. రెండున్నర కిలోలకు తగ్గితే బరువు తక్కువ బిడ్డ కింద లెక్క. అద్దాల గదిలో వార్మర్ కింద పెట్టారు. డాక్టరమ్మ అటు వెళ్లిందో లేదో ఇటు విచారణ మొదలైంది.

"నోటికి బువ్వ పోతే గదా! రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతది" అని అత్తగారు ప్రారంభోపన్యాసం చేశారు.

"గ్రహణం నాడు బయటికెళ్లింది. నేను చూసిన. కత్తిపీట ముంగట కూసున్నది గూడ" అని మేనత్త సాక్ష్యం.

"వదినె ఎప్పుడు జూసినా ఫోన్ల మొఖం పెట్టి కూసుంటది" అని ఆడబిడ్డ.

పక్క మంచం తాలూకు అవ్వ ఒకామె, ఈ కుటుంబంతో ఏ సంబంధమూ లేనిది, ఇక ఆపుకోలేక అడిగింది: "బొప్పాయి గిట్ల తిన్నదా బిడ్డా?"

వరండా అంతా ఒక్కసారి నిశ్శబ్దం. తిన్నదట. ఐదో నెలలో.

"ఒక్క ముక్కనే గదనే" అని తల్లిగారి వైపు నుంచి ఎవరో నసిగారు.

"ఒక్క ముక్కైతే బొప్పాయి కాకుంట పోతదా?"

ఈ వాదనకు సుప్రీంకోర్టులో కూడా జవాబు లేదు. అయితే ఇంత పకడ్బందీ విచారణలో ఒక ముద్దాయిని పిలవడం మరిచారని నాకనిపించింది. ఆ అమ్మాయి అద్దెకుండే రేకుల గది మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉంది. కిటికీ తెరిస్తే లారీ టైరు కనబడుతుంది. కాబట్టి న్యాయం కోసం లారీని కూడా పిలుద్దాం.

లారీ వచ్చింది. పన్నెండు టైర్లది. ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, వెనక నల్లటి కుచ్చులు, కింద "నన్ను చూసి ఏడవకురా" అని రాత. ఈ మొత్తం వ్యవహారంలో దిష్టి తగలకుండా జాగ్రత్తపడింది అదొక్కటే. పెద్దమనిషి కుర్చీ చూపించి "కూసో బిడ్డా" అన్నాడు. నిలబడే ఉంది. ఇంజన్ ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదట.

"ఈ పిల్ల ఇంటి ముంగట తిరిగినవా?"

"తిరిగిన. నేనొక్కదాన్నేనా? నా ఎనుక నూరు బండ్లు తిరిగినయ్. ఆమెను నేను ముట్టలేదు. సిగ్నల్ కాడ ఆగిన, గంతే."

"పొగ ఇడిసినవా?"

లారీ నొచ్చుకుంది. క్యాబిన్‌లోంచి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన కాగితం తీసింది. పొల్యూషన్ సర్టిఫికెట్. ఫొటో ఉంది, నంబరు ఉంది, ముద్ర ఉంది. రోడ్డు పక్కన వ్యాన్‌లో కూర్చున్న కుర్రవాడు గొట్టంలో పైపు పెట్టి, యాక్సిలరేటర్ తొక్కించి, పొగ ఎంత చిక్కగా ఉందో కొలిచి ఇచ్చాడు. డీజిల్ బండికి అదే పరీక్ష. కంటికి కనబడని సన్నటి ధూళి ఎంత వదులుతోందో ఆ కాగితంలో ఉండదు. పెద్దమనిషికి ఈ సూక్ష్మాలతో పనిలేదు. ముద్ర చూసి కళ్లకద్దుకున్నాడు.

"కాయితం సాఫ్‌గున్నది. బొప్పాయికి గిసొంటి కాయితం ఉన్నదా?"

బొప్పాయికి లేదు. కోడలికీ లేదు.

ఇంతలో బెల్జియం నుంచి ఒక సాక్షి దిగాడనుకోండి. ఆయన పాపం చాలా ఓపికగా చెప్పాడు. 2019లో హాసెల్ట్ యూనివర్సిటీ వాళ్లు సిగరెట్ ముట్టని తల్లుల మాయను (ప్లాసెంటాను) మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, బిడ్డ వైపున కూడా మసి కణాలు దొరికాయి. తల్లి ఉన్నచోట గాలి ఎంత మురికిదైతే కణాలు అంత ఎక్కువ. 2022లో వాళ్లే స్కాట్లండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి చూస్తే, కడుపులో పిండం కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా అవే కణాలు. బిడ్డ ఇంకా ఒక్క ఊపిరి కూడా తీసుకోకముందే మసి అక్కడికి చేరిపోయింది. సాక్షి చెప్పడం అయ్యాక మేనత్త ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "ఆళ్ల దేశంల గ్రహణం పట్టదా?"

సాక్షి తెల్లమొహం వేశాడు. లారీ నిర్దోషి. చాయ్ తాగించి సాగనంపారు. కోడలికి శిక్ష, రేపటి నుంచి ఇద్దరి తిండి తినాలి.

డాక్టర్లకు రెండున్నర అంటే కిలోలు. గాలిని కొలిచేవాళ్లకు రెండున్నర అంటే మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ధూళి. ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు, ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్లి నెత్తుట్లో కలుస్తుంది. ఒంట్లో వాపు పుట్టిస్తుంది, మాయకు రక్తం సరిగా అందనివ్వదు. బిడ్డకు చేరాల్సిన తిండీ ప్రాణవాయువూ దారిలోనే తగ్గిపోతాయి. ఈ రెండు రెండున్నరల చుట్టరికం ఏ పంచాయితీలోనూ చర్చకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు దాటకూడదంది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. అంటే మన పసిపిల్లల ఊపిరితిత్తులు ఆ సంస్థ ఆఫీసు ఉన్న జెనీవా పిల్లల కంటే ఎనిమిది రెట్లు గట్టివని ప్రభుత్వ లెక్క. గర్వపడాల్సిన విషయం.

ఇదంతా చదువుకున్నోళ్ల కాకమ్మ కబుర్లు అనేవారి కోసం ఒక టోల్‌గేటు ముచ్చట. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలో టోల్‌గేట్ల దగ్గర బండ్లు ఆగకుండా డబ్బు కోసుకునే పద్ధతి వచ్చింది. ఆ చుట్టుపక్కల గర్భిణులకు కొత్తగా ఏ మాత్రా ఇవ్వలేదు, ఏ ఫ్లెక్సీ కట్టలేదు. బండ్లు వరసలో నిలబడి పొగ కక్కడం తగ్గింది, అంతే. జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో లెక్క తీశారు. గేటుకు 2 కిలోమీటర్లలోపు ఉన్న తల్లులకు నెలలు నిండకముందే కాన్పు కావడం, బరువు తక్కువ బిడ్డ పుట్టడం రెండూ 11 శాతం అటూ ఇటూగా తగ్గాయి. అక్కడి కోడళ్లందరూ ఉన్నట్టుండి బుద్ధి తెచ్చుకుని బొప్పాయి మానేశారని ఎవరూ రాయలేదు. మనకూ 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఎంత టైం మిగిలింది, ఎంత డీజిల్ మిగిలింది అని చెప్పుకున్నాం. పక్క ఊళ్లో బిడ్డలు ఎన్ని గ్రాములు పెరిగారని అడగాలని తోచిందా మనకు?

ఇక పంచాయితీ ముగిసిందనుకుంటుండగా, అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న ఒక మామ తలెత్తి, "పోనియ్ తియ్, ఆడపిల్లే గదా" అన్నాడు. అందరూ కాస్త తేలికపడ్డారు.

ఆడపిల్లే గదా! ఆ మాటకు నాకు అప్పుడూ నవ్వు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. అద్దాల వెనక ఉన్నది ఆడపిల్ల, మంచం మీద ఉన్నదీ ఆడపిల్లే. ఆమె ఏం చేస్తుందో ఇందాక చెప్పలేదు. కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది. ఏడో నెల దాకా తెల్లవారుజామున నాలుగున్నరకు చీపురు పట్టింది. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుందని పడుకున్నవాళ్లు అనుకుంటారు. ఆ వేళ రోడ్డు లారీలది. డివైడర్ అంచున పేరుకున్న నల్లదుమ్మును వంగి ఊడవాలి, వంగితే పొట్ట అడ్డం. ముక్కుకు మాస్కు లేదు, చీర కొంగు. ఒక లారీ పోగానే ఊడ్చిన కుప్ప అంతా లేస్తుంది. మళ్లీ ఊడవాలి. మనం ఏడింటికి బయటికొచ్చి రోడ్డు శుభ్రంగా ఉందనుకోవాలంటే ఆ దుమ్ము ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. పోయింది. కిలో తొమ్మిది వందల దగ్గర తేలింది.

జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు 2017లోనే చట్టమైంది. కాంట్రాక్టరు చట్టం వేరు: "రాకుంటే చెప్పు, ఇంకొకరిని పెట్టుకుంట." అంగన్‌వాడీలో గర్భిణులకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు, మంచి పథకం. మధ్యాహ్నం ఆ గుడ్డు ఉడికే వేళకు ఈమె ఎవరింట్లోనో గిన్నెలు తోముతోంది. రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒంట్లో రక్తమే తక్కువ, ఆ ఉన్నదాంట్లోకి మసి. ఇంటికొస్తే కట్టెల పొయ్యి. గ్యాస్ సిలిండర్ ఉంది. నింపించడానికి డబ్బుల్లేని నెలల్లో స్టూలుగా వాడుకుంటారు.

2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల నెల నిండకుండానే పోయిన పసికందులు లక్షా 16 వేలకు పైనే అని స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్ నివేదిక అంచనా వేసింది. అందులో సగానికి పైగా పాపం బయటి గాలిలోని ధూళిది, మిగతాది వంటింటి పొగది. లారీ తరఫు వకీళ్లు ఆ మిగతా లెక్క ఒక్కటే పట్టుకుని "చూశారా, తప్పు పొయ్యిదే" అంటారు. అవునయ్యా, పొయ్యిది కూడా. ఆ పొయ్యి ఎవరింట్లో మండుతోంది? ఆ లారీ ఎవరి కిటికీ ముందు ఆగుతోంది? ఇంటి పొగా రోడ్డు పొగా కలుసుకునేది ఆ ఒక్క గదిలోనే, అద్దె తక్కువని ఆమె తీసుకున్న గదిలోనే. గేటెడ్ కమ్యూనిటీకి లారీ వెళ్తే సెక్యూరిటీ వాడు ఆపి ఎవరింటికని అడుగుతాడు, పుస్తకంలో సంతకం పెట్టించుకుంటాడు. ఈ గదిలోకి దూరే పొగను ఎవరు అడిగారు? తల్లి ఏం తిన్నదని ఇన్ని నోళ్లు లేచాయే, ఆమెకు ఏం పెట్టామని ఒక్క నోరైనా లేచిందా? కడుపుతో ఉన్న మనిషిని నాలుగు నెలల పాటు చీపురు దించి ఇంకో పనిలో పెట్టలేకపోయాం. వచ్చి తీర్పులు మాత్రం చెప్పాం. సిగ్గుండాలి.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ మంచి మాటలు చెప్పింది. బిడ్డను ఎప్పుడూ ఒంటికి హత్తుకుని ఉంచు, తల్లిపాలు తప్ప ఏదీ పట్టకు, పొగ దగ్గరికి పోనీయకు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, పౌడరుతో పాటు దోమతెర ఉండేది, ఆడపిల్ల పుడితే డబ్బు కూడా వెయ్యి ఎక్కువ, 13 వేలు. దోమకు తెర కట్టగలిగాం. మిగతాది ఎవరి పరిధిలోకి వస్తుందో తేలలేదు. పుట్టిన బిడ్డ నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు ఊపిరి తీస్తుంది, మనకు ఇరవై కూడా ఉండదు. ఆ బిడ్డను బుగ్గన కాటుక చుక్క పెట్టి, తువ్వాలలో చుట్టి, ఆటోలో సరిగ్గా లారీ సైలెన్సర్ ఎత్తులో కూర్చోబెట్టి ఇంటికి తీసుకెళ్లారు. ఇంటికెళ్లగానే అత్తగారు స్నానం పోయించి, తలుపులు మూసి, గంపెడు సాంబ్రాణి పొగ పట్టారు. ఆమెనూ ఏమీ అనలేం, ఆమెకూ ఆమె అత్త పట్టిందే.

ఇప్పుడు పాపకు మూడో నెల. బరువు పెరుగుతోంది కానీ రాత్రుళ్లు ఒకటే దగ్గట. తల్లి మళ్లీ పనికి పోతోంది. మొన్న ఫోన్ చేస్తే పంచాయితీ మళ్లీ కూర్చుందని తెలిసింది. విచారణలో అసలు సంగతి బయటపడింది. పాలిచ్చే తల్లి పెరుగన్నం తిన్నదట, పాలకు చలువ చేసిందట. లారీని ఈసారి ఎవరూ పిలవలేదు. పిలిచినా లాభం లేదు, దాని సర్టిఫికెట్‌కు ఇంకా గడువుంది.