భూసార కార్డులో లేని గళ్లు

భూసార పరీక్ష కార్డులో 12 గళ్లుంటాయి. నత్రజని, భాస్వరం, జింకు, బోరాన్ అన్నీ చూస్తారు; విషలోహాలైన సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లకు గడే లేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద చెరువుల దాపున సేద్యం చేసే రైతుకూ అదే కార్డు. బొగ్గు బూడిదలో ఈ లోహాలు కొద్దికొద్దిగా కలగలిసే ఉంటాయి. పోనీ పరీక్షించినా, ఒక్కోదాన్ని విడిగా కొలిచి ‘పరిమితిలోనే ఉంది’ అంటే సరిపోదని మా వాదన.

ఒంట్లో వాటికి ఆ పరిమితుల హద్దులు లేవు. సీసం నెలా రెండు నెలల్లో రక్తం వదిలి ఎముకల్లో దశాబ్దాలు తిష్ఠవేస్తుంది. గర్భిణికి కాల్షియం చాలక ఎముక కరిగితే మళ్లీ రక్తంలోకి, అక్కణ్నుంచి బిడ్డకు చేరుతుంది. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు. సీసం, ఆర్సెనిక్‌ల దెబ్బా అక్కడ పడేదే. అంటే మూడూ కలిసి ఒకే అవయవం మీద పడతాయి. రక్తహీనత ఉంటే మరీ ముప్పు: ఇనుము కోసం పేగు తెరిచే దారినే సీసం, కాడ్మియం దూరతాయి. మింగిన సీసంలో పెద్దలు పదో వంతు పీల్చుకుంటే చిన్నపిల్లలు దాదాపు సగం. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి ధీమా పడటానికీ లేదు, కిడ్నీ బాగా దెబ్బతిన్నాక గానీ అది పెరగదు. మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ చూస్తే ముందే పసిగట్టవచ్చు.

అసలు చిక్కు మడిలో ఉంది. మొలగొలుకులకైనా మరో వరికైనా నీరు నిలగడితే ఆర్సెనిక్ కరిగి వేళ్లకు అందుతుంది. ఆరగడితే అది తగ్గి, కాడ్మియం గింజకెక్కుతుంది. సున్నం వేస్తే కాడ్మియం కట్టుబడుతుంది గానీ ఆర్సెనిక్ కదలవచ్చు. అందుకే ఏ లోహం ఎంతుందో తేలకుండా సలహా చెప్పడం చీకట్లో రాయి వేయడమే.

బూడిద చెరువుల చుట్టూ పొలాల్లో మూడు లోహాలకూ ఒకే నమూనాలో పరీక్ష జరగాలి. ఖర్చు బూడిద పోసినవారిదే. ఎకరానికి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు, స్టెయిన్‌లెస్ స్టీలు తాపీతో మట్టి తీయాలి. జింకు పూత బకెట్ వాడితే నమూనా చెడుతుంది. మట్టితోపాటు గింజనూ పరీక్షించాలి, ఎందుకంటే మట్టిలో ఉన్నదంతా మొక్కకు అందదు.

అందాకా ఇంట్లో తడిగుడ్డతో తుడవడం, తినేముందు పిల్లల చేతులు కడగడం, ఆకుకూర మూడు నీళ్లు కడగడం మేలు. అన్నాన్ని కుక్కర్లో ఇగరబెట్టకుండా ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వారిస్తే ఆర్సెనిక్ కొంత పోతుంది. అదీ ఎసరు నీళ్లు మంచివైతేనే. కాడ్మియం మాత్రం చాలావరకు మెతుకులోనే మిగులుతుంది.