మర్యాదకి మొలిచిన నాచు

మా భీమవరంలో నీళ్ల గురించి తెలియనివాడు లేడు. టీ కొట్టు దగ్గర ముగ్గురు నిలబడితే ఇద్దరు పీహెచ్, అమ్మోనియా, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అని మాట్లాడుకుంటుంటారు, మూడోవాడు ఫోన్‌లో ఇవాళ్టి రొయ్య రేటు చూస్తుంటాడు. అలాంటి ఊళ్లో ఉంటూ, హాల్లో పెట్టుకున్న 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో నాచు చేతిలో ఓడిపోయినవాణ్ని నేనొక్కణ్నే. ఎందుకిలా జరిగిందో ఏడాదిన్నర పాటు పరిశోధించాను. అసలు దోషి నాచుకి మేతయ్యే నైట్రేటు కాదు, ఫాస్ఫేటూ కాదు. గోదావరి మర్యాద.

ముందు నీళ్ల సంగతి. మా వీధిలో బోరు వేస్తే పడేది ఉప్పునీరే. ఆ ఉప్పు తియ్యడానికి ఆర్వో మిషన్ కొన్నాను, ఇంకా మిగిలిన సిలికేట్లు, ఫాస్ఫేట్లు కూడా పోవాలని దానికి డీఐ రెజిన్ గొట్టం తగిలించాను, నీళ్లలో కరిగి ఉన్నవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించేదాకా నీళ్లని వడకట్టి, ఆ సున్నా నీళ్లలో డబ్బిచ్చి కొన్న ఉప్పు మళ్లీ కలుపుతాను, 40 లీటర్లకి కేజీన్నర దాకా. ఇదంతా మా ఆవిడ పక్కింటావిడకి ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా వివరిస్తుంటే విన్నాను. మొగుడికి మతిపోయిందని చెప్పడానికి అంతకంటే గౌరవమైన పద్ధతి ఉండదు.

"పేరుపాలెం బీచ్ పక్కనే పెట్టుకుని ఉప్పు కొనడమేంట్రా" అన్నారు మావయ్య. నిజమే కదా అని ఆగస్టులో కారులో నాలుగు క్యాన్లు వేసుకుని వెళ్లాను. గోదావరికి వరదొచ్చిన రోజులు. అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయ తెచ్చిపోసిన ఎర్రనీళ్లు ఒడ్డు పొడవునా పరుచుకుని ఉన్నాయి. ఉప్పదనం కొలిచే సెలైనిటీ మీటరులో 35 ఉండాల్సింది సగం కూడా లేదు, పైగా పొలాల ఎరువులన్నీ అందులోనే. నాచుకి అంతకంటే విందు భోజనం ఏముంటుంది? ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చి బుద్ధిగా ఉప్పు బకెట్టు కొన్నాను.

ట్యాంకు పెట్టిన కొత్తలో ఇసక మీద కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు పొర కట్టింది. అది డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, కొత్త ట్యాంకుల్లో మామూలే, కొన్ని వారాలకి అదే పోయింది. తరవాత వచ్చింది అసలుది. గ్లాసు మీద పచ్చటి పొర, రాళ్ల మీద జానెడు జుట్టులా వేలాడే నాచు. సరిగ్గా అప్పుడే నాలుగు చెరువులున్న మా బావ వచ్చాడు. నేను తలపట్టుకుని కూర్చుంటే ఆయన గ్లాసు ముందు వంగి చూసి మురిసిపోయాడు.

"కలర్ అదిరింది బావా! మేం చెరువులో ఈ కలర్ తెప్పించడానికి తవుడు, బెల్లం, ఈస్టు నానబెట్టి కొట్టుకుంటన్నాం. నీకు ఊరికే వచ్చేసింది."

ఆయన తప్పేం లేదు. చెరువులో నీళ్లు పచ్చబడితే రొయ్యపిల్లకి మేత, నీడ రెండూ దొరుకుతాయి. పైగా మూడు నాలుగు నెలలకి పట్టుబడి చేస్తే, వేసిన మేతలో కొంతైనా రొయ్యై లారీ ఎక్కి వెళ్లిపోతుంది. నా ట్యాంకుకి పట్టుబడి లేదు. వేసిన మేత అమ్మోనియా అవుతుంది, దాన్ని బ్యాక్టీరియా నైట్రైటు చేస్తుంది, తరవాత నైట్రేటు చేస్తుంది, ఇక అక్కడితో ఆగిపోతుంది. ఫాస్ఫేటు రాళ్లలోకి ఇంకి, నీళ్లు మార్చిన ప్రతిసారీ నెమ్మదిగా బయటికొస్తుంది, ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెదారులా.

ఇంతకీ ఆ మేత ఎంత? చేపలు రెండే. క్లౌన్ చేపలు, ఒక్కోటి నా చూపుడువేలంత. రోజుకి చిటికెడు మేత చాలు, అది కూడా రెండు నిమిషాల్లో తినగలిగినంతే. కానీ మా ఇంట్లో గడప దాటి లోపలికొచ్చిన ప్రాణి ఏదైనా కొత్త అల్లుడే. పొద్దున్నే అమ్మ వేస్తుంది. స్కూలుకెళ్తూ పిల్లలు వేస్తారు. వచ్చిన చుట్టం కాఫీ తాగుతూ, "వీటికేం పెట్టారండీ?" అని అడుగుతాడు. పెట్టామంటే నమ్మడు. మొహమాటపడుతున్నామనుకుని తనే ఇంకాస్త వేస్తాడు.

"పాపం, నోళ్లు తెరుస్తున్నాయిరా" అంటుంది అమ్మ.

"అవి ఊపిరి పీలుస్తున్నాయమ్మా."

"ఊపిరి పీల్చేవాళ్లకి ఆకలెయ్యదా?"

దీనికి ఏ సైన్సు పుస్తకంలోనూ జవాబు లేదు.

కిట్‌తో చూస్తే నైట్రేటు 80 పీపీఎమ్, అంటే లీటరుకి 80 మిల్లీగ్రాములు. పగడాలున్న ట్యాంకులో పది లోపుంటే మంచిది. ఐదో వంతు నీళ్లు మార్చాను, 64కి దిగింది, లెక్క ప్రకారం అంతే దిగుతుంది. వారం తిరక్కుండా మళ్లీ 80. లైటు రోజుకి ఎనిమిది గంటలకి తగ్గించాను. నత్తల్ని దింపాను, పాపం అవి ఎద్దుల్లా దున్నాయి. ప్రొటీన్ స్కిమ్మర్ పెట్టాను. అది సన్నటి బుడగలతో నీళ్లలోని జిడ్డుని నురగగా పైకి తెచ్చి ఒక కప్పులో పోస్తుంది. రెండు రోజులకి ఆ కప్పులో ముదురు డికాషన్ రంగు నీళ్లు చేరతాయి. మూత తీస్తే వచ్చే వాసన గురించి రాయను, ఇది కుటుంబ సమేతంగా చదివే వ్యాసం.

ఆ కప్పు ఎక్కడ పారబోస్తానంటారా? ఇంటి ముందు డ్రెయిన్లో. అక్కణ్నుంచి అది యనమదుర్రు మురుగుకాలవలో కలుస్తుంది, ఊరి మురుగు, చెరువుల నీళ్లు వెళ్లే చోటికే. ట్యాంకులో 80 పీపీఎమ్ ఉందని నిద్రపట్టని నేను, యనమదుర్రు వంతెన మీద ముక్కు మూసుకుని గేరు మారుస్తాను. అక్కడికి ఎప్పుడూ కిట్ పట్టుకెళ్లలేదు. దానికి ముందు వైపు గ్లాసు లేదు కదా.

చివరికి పనిచేసింది నాచే. ట్యాంకు నీళ్లే తిరిగే కింది తొట్టి, అంటే సంప్‌లో కీటో అనే నాచు ముద్ద వేసి, రాత్రిళ్లు దానికి వేరే లైటు పెట్టాను. పైనున్న నాచు తినాల్సిన నైట్రేటు, ఫాస్ఫేటు ఇది తినేసి పెరుగుతుంది, రెండు వారాలకోసారి గుప్పెడు పీకి బయట పారేస్తే ఆ తిన్నదంతా దాంతోపాటే పోతుంది. అదే నా పట్టుబడి. "చూశావా, ఆఖరికి నువ్వూ నాచే పెంచుతున్నావు" అని బావ ఊరంతా చెప్పుకున్నాడు. నైట్రేటు 20కి దిగింది. మేత డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేశాను. "వాళ్లింట్లో చేపల్ని పస్తు పెడతారట" అని బంధువుల్లో టాక్ కూడా మొదలైంది. భరించాను.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. పద్దెనిమిది మంది చుట్టాలు. బాగా ఆలోచించి, భోగి నాడు ట్యాంకు లైటు ఆపేసి చుట్టూ నల్లదుప్పటి కట్టేశాను. మూడు రోజులు చీకట్లో ఉంచితే మిగిలిన నాచు నీరసపడుతుంది, చేపలకేమీ కాదు. నాచు సంగతి అటుంచి, కనబడని చేపకి ఎవరూ మేత వెయ్యరు కదా అన్నది నా అసలు ప్లాను. వచ్చినవాళ్లంతా ఆ దుప్పటి వంక చూసి గొంతు తగ్గించి మాట్లాడారు. ఒక పిన్నిగారైతే "ఎప్పుడు పోయాయి నాయనా?" అని కూడా అడిగింది.

కనుమ సాయంత్రం దుప్పటి విప్పాను. నాచు సగం తెల్లబడింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇసక మీద మాత్రం, రెండు చేపలూ అనుమానంగా చుట్టూ తిరుగుతుండగా, అర ముక్క గారె.

"కనుమ నాడు మినుము తినాలి కదరా" అంది అమ్మ.