శాంపిళ్లు మానేస్తే జీన్స్ త్వరగా తయారవుతాయా? ఒక ప్రచారానికి ఖండన

రాయదుర్గం, బళ్లారి ప్రాంతాల్లో జీన్స్ కుట్టించేవారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: కొత్త మోడల్ బజారుకు చేరడానికి మన దగ్గర నెలలు పట్టడానికి కారణం పదేపదే శాంపిళ్లు కుట్టడమే, స్పెయిన్ దుస్తుల సంస్థ జారా రెండు వారాల్లోనే కొత్త దుస్తులను దుకాణాల్లో పెడుతోంది, బాగా అమ్ముడుపోతున్న బ్రాండెడ్ ప్యాంటును విప్పి ప్యాటర్న్ (కత్తిరింపు నమూనా) తీసుకుంటే సగం పని అయిపోయినట్లే, ప్యాంటును తెర మీదే చూపే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉంటే శాంపిల్ అవసరమే లేదు, వాషింగ్ సంగతి కుట్టిన తర్వాత చూసుకోవచ్చు. ఇతరులకు జాబ్‌వర్క్ చేస్తూ సొంత మోడళ్లు తేవాలని చూస్తున్న అనంతపురం జిల్లా యూనిట్లకు ఈ సలహా నచ్చడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇందులో సగం నిజం ఒక్క చోట మాత్రమే ఉంది, మిగిలినదంతా నష్టానికి దారి తీసేదే.

మొదట జారా సంగతి. ఆ సంస్థ కొన్ని రకాల దుస్తులను రెండు మూడు వారాల్లో దుకాణాలకు చేర్చగలుగుతున్న మాట నిజం. కానీ శాంపిళ్లు మానేయడం వల్ల ఆ వేగం రాలేదు. స్పెయిన్‌లోని అర్తేయిక్సోలో ఉన్న ప్రధాన కేంద్రంలో డిజైనర్లు, ప్యాటర్న్ తీసేవారు, శాంపిల్ కుట్టేవారు ఒకే చోట పని చేస్తారు కాబట్టి శాంపిల్ కుట్టి, చూసి, మార్చే పని అక్కడికక్కడే జరిగిపోతుంది. రంగు వేయని బట్టను ముందే కొని నిల్వ ఉంచుకోవడం, ఫ్యాషన్ వేగంగా మారే సరుకును స్పెయిన్, పోర్చుగల్, మొరాకో, టర్కీల వంటి దగ్గరి చోట్ల కుట్టించడం, దుకాణాలకు వారానికి రెండుసార్లు సరుకు పంపడం దీనికి తోడయ్యాయి. అహ్మదాబాద్ మిల్లుల నుంచి డెనిమ్ తెప్పించుకునేవారు ఆ బట్ట రావడానికి పట్టే రోజులను కూడా శాంపిళ్ల ఖాతాలో రాసుకుని, ఆపైన జారాతో పోల్చుకోవడం లెక్క కాదు.

బ్రాండెడ్ ప్యాంటు విప్పి ప్యాటర్న్ తీసుకోవాలన్న సలహా అన్నిటికంటే ప్రమాదకరమైనది. అంగట్లో కొన్న ప్యాంటు అప్పటికే వాషింగ్ అయి కుంచించుకుపోయినది. దాని కొలతలతో కొత్త బట్టను కత్తిరిస్తే, ఆ బట్ట మన వాషింగ్‌లో మళ్లీ కుంచించుకుపోతుంది. డెనిమ్ కుంచించుకోవడం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. మిల్లులో శాన్ఫరైజింగ్ (ముందే కుంచింపజేసే ప్రక్రియ) చేసిన బట్ట పడుగు (నిలువు నూలు) దిశలో మహా అయితే 3 శాతం దాకా తగ్గవచ్చు గానీ, సాగే డెనిమ్‌లో ఎలాస్టేన్ అనే సాగే నూలు పేకలో (అడ్డం నూలులో) ఉంటుంది కాబట్టి ఆ దిశలో 10 శాతం దాటడం అరుదు కాదు. పైగా బట్ట తానుకూ తానుకూ తేడా వస్తుంది. ఒక తాను పేక దిశలో 8 శాతం తగ్గుతుందని తేలి, 40 అంగుళాల సీటు (పిరుదుల దగ్గరి చుట్టుకొలత) రావడానికి ప్యాటర్న్‌లో దాదాపు 43½ అంగుళాలు పెట్టారనుకుందాం. అదే ప్యాటర్న్‌తో 12 శాతం తగ్గే తానును కత్తిరిస్తే సీటు 38¼ అంగుళాల దగ్గర ఆగిపోతుంది. నడుము పట్టీని సాధారణంగా పడుగు దిశలో కత్తిరిస్తారు కాబట్టి అది అంతగా తగ్గదు. కొనుక్కున్నవాడికి బొత్తాం పడుతుంది, కూర్చుంటే మాత్రం సీటు పిగులుతుంది. ప్రతి తాను నుంచీ ఒక ముక్క కత్తిరించి, అసలు వాషింగ్ చేయించి, తగ్గుదలను బట్టి తానులను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్యాటర్న్ వాడడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు. తెలిసిన కటింగ్ మాస్టర్లు చేసే పనే ఇది. విప్పిన ప్యాంటు ఈ సమాచారంలో ఒక్క ముక్క కూడా ఇవ్వదు.

కాలు మెలి తిరగడం కూడా ఇలాంటిదే. డెనిమ్ మూడు మీద ఒకటి ట్విల్ (ఏటవాలు గీతలు పడే) నేత కావడంతో ఉతికినప్పుడు బట్ట ఏటవాలు గీతల దిశలో జరుగుతుంది, పక్క కుట్టు మోకాలి మీదికి వస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి మిల్లులు బట్టను ముందే వాలుగా లాగి పంపుతాయి. ఎంత లాగారో మిల్లును అడిగి తెలుసుకోవాలి, లేదా ఉతికి చూడాలి. ఇక సైజుల విషయం. విదేశీ కొలతల మీద గీసిన బ్రాండ్ల ప్యాటర్న్ మన శరీరాలకు యథాతథంగా సరిపోదనే కదా జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ఇండియాసైజ్ పేరుతో హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా కొలతలు తీసే లక్ష్యంతో సర్వే చేపట్టింది! వెనుక జేబు మీద కుట్టు గుర్తును కూడా దించేసేవారికి చట్టం చిక్కు వేరుగా ఉంది: లీవైస్ బ్రాండ్ జేబు మీది విల్లు ఆకారపు కుట్టు గుర్తు అమెరికాలో 1943లోనే ట్రేడ్‌మార్కుగా నమోదైంది, దాని కోసం ఆ సంస్థ కోర్టులకు వెళ్లడం కొత్త కాదు.

సగం నిజం ఉందన్నది త్రీడీ సాఫ్ట్‌వేర్ విషయంలో. జేబు ఎంత కిందికి ఉండాలి, యోక్ (వెనుక నడుము పట్టీ కింది ముక్క) వాలు ఎంత, ఏ రంగు దారం బాగుంటుంది అన్న ప్రశ్నలకు తెర మీదే జవాబు దొరుకుతుంది కాబట్టి తొలి విడత శాంపిళ్లు నిజంగానే తగ్గుతాయి. అయితే బట్ట బరువు, మందం, సాగే గుణం, వంగే గుణం కొలిచి ఎక్కిస్తేనే ఆ బొమ్మ నమ్మదగినదవుతుంది. ఎంజైమ్ వాషింగ్ తర్వాత నీలిరంగు ఎంత దిగుతుందో, మన చేతికొచ్చిన తాను ఎంత కుంచించుకుంటుందో అది చెప్పలేదు. చిన్న యూనిట్ దాన్ని కొనే ముందు తానుల పరీక్షకు ఒక వాషింగ్ మెషిన్ కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

వాషింగ్‌ను కుట్టిన తర్వాత చూసుకోవచ్చన్న మాట అనంతపురంలో అసలే చెల్లదు. జీన్స్ రంగు దించడానికి వాడే ఆమ్ల సెల్యులేజ్ ఎంజైమ్ 4.5 నుంచి 5.5 పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) మధ్య, సుమారు 50 డిగ్రీల వేడిలో బాగా పని చేస్తుంది. తటస్థ రకానికి 6 నుంచి 7 పీహెచ్ కావాలి. దిగిన నీలిరంగు తిరిగి తెల్ల పేకకూ జేబు గుడ్డకూ అంటుకునే బెడద తటస్థ రకంలో తక్కువ. క్షార గుణమున్న బోరు నీళ్లలో పీహెచ్ దించడానికి ఆమ్లం ఎక్కువ పడుతుంది, దించినా మళ్లీ పైకి జరుగుతుంది. బెంగళూరులో వేరే నీళ్లతో ఒప్పించుకున్న షేడు ఇక్కడ అదే కొలతల మందులతో రాకపోతే అది కార్మికుడి తప్పు కాదు. కాబట్టి వేల ప్యాంట్లను ఏ వాషింగ్ యూనిట్‌లో, ఏ నీళ్లతో ఉతకబోతున్నారో శాంపిల్‌ను కూడా అక్కడే, ఆ నీళ్లతోనే ఉతకాలి. నీటి కరువున్న జిల్లాలో, షేడు కుదరని సరుకును రెండోసారి ఉతకడం డబ్బుతో పాటు నీటి దండగ కూడా.

ఇక ఆలస్యానికి శాంపిళ్లే కారణమన్న మూల వాదన. తొలి శాంపిల్ రూపం కోసం, ఫిట్ శాంపిల్ ఒంటికి కుదరడం కోసం, సైజ్ సెట్ గ్రేడింగ్ (ఒకే ప్యాటర్న్‌ను వేర్వేరు సైజులకు పెంచడం, తగ్గించడం) కోసం, కటింగ్‌కు ముందరి శాంపిల్ అసలు బట్ట, జిప్పు, రివెట్లతో అంతా సరిగ్గా వస్తోందో లేదో చూడడం కోసం. ఒక్కొక్కటి ఒక్కసారి కుట్టినందుకు నెలలు పట్టవు. ఒకే శాంపిల్‌ను నాలుగుసార్లు కుట్టాల్సి వచ్చినప్పుడే రోజులు గడిచిపోతాయి. అలా ఎందుకు కుట్టాల్సి వచ్చిందో విచారిస్తే, చేతికందిన ఏదో బట్టతో ఫిట్ చూడడమో, ఫోన్‌లో చెప్పిన మార్పును ఎవరూ కాగితం మీద పెట్టకపోవడమో, మార్చిన ప్యాటర్న్‌కు తేదీ వేయక మాస్టర్ పాతదాన్నే వాడడమో బయటపడుతుంది. యోక్, వెనుక కుట్టు కలిసే చోట మడతలన్నీ పేరుకుని సూది విరుగుతుందని మిషన్ మీద కూర్చున్న మనిషికి తొలి శాంపిల్‌లోనే తెలుస్తుంది. ఆ మాట అప్పుడే అడిగి రాసుకుంటే యోక్ గీతను కొద్దిగా జరిపి సరిదిద్దవచ్చు. అడగకపోతే అదే సూది బల్క్‌లో (వేల ప్యాంట్లు కుట్టేటప్పుడు), లైను మొత్తం ఆగినప్పుడు విరుగుతుంది.