నాన్న చేతి తిమ్మిరి

గుండె బైపాస్ ఆపరేషన్ కోసం చేతి నుంచి రక్తనాళం తీస్తే మచ్చ తప్ప ఇంకేం మిగలదన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. మా నాన్నకి ఎడమ ముంజేతి నుంచి రేడియల్ ఆర్టరీ, అంటే బొటనవేలి వైపు ఉండే ధమని తీశారు. గుండె భేషుగ్గా ఉంది, కాదనను. కానీ బొటనవేలి వెనక వైపంతా మొద్దుబారింది. వాచీ పెట్టుకుంటే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందని ఇప్పుడు కుడి చేతికి మార్చుకున్నారు.

ఆ ధమని పక్కనే చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం ఉంటుంది. తీసేటప్పుడు అది సాగినా, రక్తం ఆపడానికి కాల్చే కాటరీ పరికరం వేడి తగిలినా దెబ్బతింటుంది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుందట. ఆపరేషన్‌కి ముందు మణికట్టు నొక్కి పట్టుకుని, వదిలాక అరచేయి ఎర్రబడుతుందా అని చూశారు. అది ఆ ధమని తీశాక చేతికి రక్తం అందుతుందా లేదా అన్న సంగతి. నరం సంగతి మాత్రం సంతకాలు పెట్టించుకున్నప్పుడు కూడా ఎవరూ ఎత్తలేదు.