కేజీ వెండి నానోకి రెండు వాటర్ ట్యాంకర్లు

మా బావమరిది పీహెచ్‌డీ టాపిక్ వేపాకు రసంతో వెండి నానోపార్టికల్స్, అంటే కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు, తయారుచెయ్యడం. వాడి సీనియర్‌ది తులసి, పక్క ల్యాబ్ అమ్మాయిది మునగాకు, కొత్తగా చేరినోడికి ఆకులేం మిగల్లేదని గైడ్ గారు వయ్యారిభామ ఇచ్చారు. పద్ధతి అందరిదీ ఒకటే, దాని పేరు గ్రీన్ సింథసిస్. ఆకు ఉడికించి వడగట్టి సిల్వర్ నైట్రేట్‌లో పోస్తే కాసేపటికి డికాషన్ రంగొస్తుంది, ఫోటో తీసుకుని పేపర్ చివర "లార్జ్ స్కేల్ ప్రొడక్షన్‌కి అనుకూలం" అని రాసెయ్యడమే.

ఇంత గొప్ప వాక్యాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదని బాధేసి నేనే కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నా.

మావాడు వాడేది 1 మిల్లీమోలార్ ద్రావణం, అంటే లీటర్‌కి 0.108 గ్రాముల వెండి. ఒక్క చుక్క వేస్ట్ కాకపోయినా కేజీ పొడికి సుమారు 9,300 లీటర్లు, అంటే ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌కొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఆకులు ఓ క్వింటా చాలు, పర్లేదు. కానీ పొడి అడుక్కి దిగాలంటే అదంతా సెంట్రిఫ్యూజ్ అనే మెషిన్‌లో గిరగిరా తిప్పాలి కదా, వాళ్ళ దాంట్లో 50 మిల్లీలీటర్ల గొట్టాలు ఆరు పడతాయి, రౌండ్‌కి 20 నిమిషాలు, మొత్తం 31,000 రౌండ్లు, రాత్రింబవళ్ళు కరెంటు పోకుండా తిప్పితే 430 రోజులు. మళ్ళీ కడగడం లెక్కేయలేదు.

"వంటోళ్ళ గుండిగలో ఒకేసారి కాచేస్తే పోలా?" అన్నా.

"కుదరదు బావా, అంచున వేడి ఒకలా మధ్యలో ఒకలా ఉంటుంది, సమానంగా కలవదు, 20 నానోమీటర్ల వాటి పక్కనే 200వి తేల్తాయి, అన్నీ అతుక్కుని ముద్దైపోతాయి. పైగా చలికాలం ఆకు వేరు, ఎండాకాలం ఆకు వేరు."

"మీ అక్క మన గృహప్రవేశంలో చేసిన ఉప్మాలాగా అన్నమాట."

"ఆ మాట ఇంట్లో అనకు బావా" అన్నాడు. వాడి రీసెర్చ్ మొత్తంలో నాకు పనికొచ్చింది అదొక్కటే.

అసలు మా నాయనమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది, ఆ మసి రేణువులూ నానోవే. నూనెని గాలి చాలకుండా కొలిమిలో మండించి, అదే మసిని కార్బన్ బ్లాక్ పేరుతో ఏటా కోటి టన్నులకు పైగా తీసి ఎక్కువగా టైర్లలోనే కలుపుతున్నారు. ఓ పక్క పోస్తుంటే ఇంకో పక్క వస్తూనే ఉంటుంది, గొట్టాలు మార్చే పనే లేదు. కానీ నల్లగా ఉంటుంది, గ్రీన్ సింథసిస్ అనడానికి మొహమాటం.

నా లెక్కలు గైడ్ గారికి పంపా. ఆయన శ్రద్ధగా చదివి ఆ చివరి వాక్యాన్ని "అత్యంత అనుకూలం" అని మార్పించారట. ఆకు కూడా మార్చారు, ఈసారి కరివేపాకు.